నడుముకిచ్చే మత్తుమందు: ఏది, ఎప్పుడు, ఎందుకు?

ఆపరేషను చేయించుకున్న మనిషిని పలకరించడానికి వెళ్ళినవాళ్ళు ముందుగా అడిగే మాట, "మొత్తం మత్తిచ్చారా, నడుముకిచ్చారా?" అని. నడుముకే అని తెలియగానే పక్కనున్న వాళ్ళలో ఎవరో ఒకరు, "అయితే ఇక జన్మంతా నడుము నొప్పే" అని తేల్చేస్తారు. మా పల్లెల్లో ఈ మాట వినని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. అసలు ఆ సూదిలో ఏముంటుంది? అందరికీ ఇచ్చేది ఒకటే మందా? నొప్పి మాటలో నిజమెంత? ఇందులో వచ్చే రసాయన శాస్త్రం చాలావరకు మనం డిగ్రీ తరగతుల్లో చదువుకుంటున్నదే గనుక భయపడనక్కర లేదు.

సూది ఎక్కడ? మందు ఏం చేస్తుంది?

సూదిని వెన్నుపాములో గుచ్చుతారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుము పూసల్లో మొదటిదో రెండోదో వచ్చేసరికి ముగిసిపోతుంది. సూది వేసేది సాధారణంగా మూడో పూసకూ నాలుగో పూసకూ మధ్య, లేదా ఇంకా కిందన. అక్కడ ఉండేది తేటనీరు లాంటి ద్రవం, అందులో తేలుతూ కిందికి జారే నరాల మొదళ్ళు. మందు ఆ ద్రవంలో కలుస్తుంది.

నరం గుండా కబురు పోవాలంటే సోడియం అయాన్లు నరపు పొరలోని సన్నని దారుల గుండా లోపలికి రావాలి. మత్తుమందు ఆ దారిని లోపలి వైపు నుంచి మూసేస్తుంది. కాలువ తూముకు షట్టరు దించితే పై నీరు పైనే ఆగిపోయినట్టు, కోత పెట్టిన చోటి నుంచి బయలుదేరిన కబురు మెదడు దాకా చేరదు. మనిషి మెలకువగానే ఉంటాడు, మాట్లాడతాడు, నొప్పి మాత్రం తెలియదు. మందు పోగానే తూము మళ్ళీ తెరుచుకుంటుంది.

కొకైన్‌తో మొదలు

1898 ఆగస్టులో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ ఒక కూలిమనిషి చీలమండ ఆపరేషనుకు కొకైన్‌ను ఈ పద్ధతిలో ఇచ్చాడు. నొప్పి తెలియలేదు గాని తరువాత తలనొప్పి, వాంతులు వచ్చాయి. దాని సంగతేమిటో తేల్చుకోవాలని బీర్, ఆయన సహాయకుడు హిల్డెబ్రాంట్ తమ మీదే ప్రయోగం చేసుకున్నారు. హిల్డెబ్రాంట్ మోకాటి కింద ఎముక మీద సుత్తితో కొట్టినా, కాలుతున్న చుట్ట తొడకు ఆనించినా ఆయనకు నొప్పి తెలియలేదట! తరువాత మాత్రం ఇద్దరినీ తలనొప్పి పట్టుకుంది. సూది చేసిన చిల్లు గుండా ద్రవం కారిపోవడమే ఈ తలనొప్పికి కారణం. అంటే ఆ నేరం మందుది కాదు, సూదిది. ఇప్పుడు పెన్సిల్ మొన లాంటి కొస గల సన్నని సూదులు వాడటంతో ఈ బాధ బాగా తగ్గిపోయింది.

కొకైన్ విషగుణం గలది, అలవాటు పడితే వదలనిది. అందుకని 1905లో ప్రొకైన్ వాడుకలోకి వచ్చింది. ఇవి రెండూ ఎస్టర్లు. తరువాత వచ్చిన లిగ్నొకైన్ అమైడ్.

ఈ లిగ్నొకైన్ కథ రైతుబిడ్డలకు ప్రత్యేకంగా చెప్పదగినది. ఎందుకంటే అది మొదలైంది బార్లీ పైరు దగ్గర. 1930లలో స్వీడన్ శాస్త్రజ్ఞులు బార్లీ మొక్కలలోని గ్రామిన్ అనే పదార్థాన్ని పరిశీలిస్తుండగా, దానికి దగ్గరి చుట్టమైన మరొక పదార్థాన్ని ఎర్డ్‌ట్‌మన్ అనే ఆయన తయారుచేసి నాలుకకు రాసుకున్నాడు. నాలుక మొద్దుబారిపోయింది! ఆ దారి పట్టుకుని 1943లో లోఫ్‌గ్రెన్ లిగ్నొకైన్ తయారుచేశాడు. దాన్ని తన ఒంటి మీదే పరీక్షించుకున్నది లుండ్‌క్విస్ట్ అనే కుర్రవాడు, మనలాంటి కెమిస్ట్రీ విద్యార్థే. 1957లో ఆ దేశంలోనే బుపివకైన్ కూడా పుట్టింది.

తేడా ఎక్కడుంది?

మందుల్ని పోల్చేటప్పుడు ముఖ్యంగా మూడు సంగతులు చూడాలి. ఎంత త్వరగా పట్టుతుంది, ఎంతసేపు ఉంటుంది, పోతూ పోతూ ఏం చేసిపోతుంది.

మొదటిదానికి పి.కె.ఎ. విలువ కొంత ఆధారం. ఈ మందులన్నీ బలహీన క్షారాలు. నరపు పొర కొవ్వుతో చేసినది గనుక ఆవేశం లేని అణువులే దాన్ని దాటగలవు. శరీరపు పి.హెచ్. 7.4 దగ్గర లెక్క వేస్తే లిగ్నొకైన్‌లో (పి.కె.ఎ. 7.9) నూటికి సుమారు 24 అణువులు, బుపివకైన్‌లో (8.1) సుమారు 17, ప్రొకైన్‌లో (8.9) 3 మాత్రమే అలా ఉంటాయి. అందుకే లిగ్నొకైన్ త్వరగా పట్టుతుంది. అయితే వెన్ను ద్రవంలో నరాల మొదళ్ళకు మందమైన తొడుగులు ఉండవు గనుక, బుపివకైన్ కూడా కొద్ది నిమిషాల్లోనే పనిచేస్తుంది. తేడా ఉంటుంది గాని మరీ పెద్దది కాదు.

రెండో విషయంలో మాత్రం తేడా పెద్దదే. ప్రొకైన్ రక్తపు ప్రోటీన్లకు నూటికి 6 పాళ్ళు మాత్రమే అంటుకుంటుంది. లిగ్నొకైన్ సుమారు 65, బుపివకైన్ 95. బుపివకైన్ కొవ్వులో కూడా బాగా కరుగుతుంది. కాబట్టి నరాన్ని పట్టుకుని ఓ పట్టాన వదలదు. లిగ్నొకైన్ మత్తు సుమారుగా గంట, గంటన్నర ఉంటే, బుపివకైన్ మత్తు రెండు మూడు గంటలు ఉంటుంది.

ఇంకొక చమత్కారం బరువుది. విత్తనాలను ఉప్పునీళ్ళలో పోసి తాలును తేల్చి, గట్టి గింజల్ని అడుగున నిలబెట్టడం మనకు తెలిసిన పనే. సాంద్రత మీద ఆధారపడ్డ పని అది. ఇక్కడ తేలిక చేయడానికి బదులు బరువు చేస్తారు. మన ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడే 'హెవీ' బుపివకైన్‌లో మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల మందుతో పాటు 80 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉంటుంది. అది వెన్ను ద్రవం కన్నా బరువు గనుక పాకం నీళ్ళలో దిగినట్టు పల్లానికి జారుతుంది. కాబట్టి రోగిని కూర్చోబెట్టడం, పడుకోబెట్టడం, టేబులు వంచడం ద్వారా మత్తు ఎంత పైకి రావాలో డాక్టరు చాలావరకు అదుపు చేయగలడు.

మూడోది: మంచితోబాటు చెడు

బి.పి. పడిపోవడం ఈ మందులన్నిటికీ ఉమ్మడి గుణం. రక్తనాళాలను బిగించి ఉంచే సన్నని నరాలు కూడా మొద్దుబారడం వల్ల అలా జరుగుతుంది. అందుకే సెలైను, బి.పి. పెంచే మందులు పక్కనే పెట్టుకుని, మత్తు డాక్టరు కన్నార్పకుండా చూస్తూ ఉంటాడు.

లిగ్నొకైన్‌కు ప్రత్యేకంగా ఒక లోపం ఉంది. మత్తు దిగిన తరువాత, ఒకరోజు లోపల, పిరుదుల్లోనూ తొడల్లోనూ నొప్పి మొదలై కొన్ని రోజులుంటుంది. చికాకు పెడుతుంది గాని తనంత తానే పోతుంది. బుపివకైన్‌తో ఇది చాలా అరుదు. ఈ కారణంగానే వెన్నులో లిగ్నొకైన్ వాడకం బాగా తగ్గిపోయింది.

బుపివకైన్‌కూ ఒక మచ్చ ఉంది. పెద్ద మోతాదు పొరపాటున రక్తనాళంలోకి పోతే గుండెను పట్టుకుని వదలదు. 1979లో దీని మీద హెచ్చరిక వెలువడింది. 1984లో అమెరికాలో 0.75 శాతం మందును కాన్పులకు వాడవద్దన్నారు. కాని వెన్నులోకిచ్చేది 10, 15 మిల్లీగ్రాములే గనుక అక్కడ ఆ భయం దాదాపు లేదు. అయినా శాస్త్రజ్ఞులు ఊరుకోలేదు. బుపివకైన్ అణువుకు అద్దంలో ప్రతిబింబం లాంటి జంట ఉంది. ఎడమ చేతి రూపం గుండెకు తక్కువ హాని చేస్తుందని గ్రహించి దాన్ని వేరుచేసిందే లీవోబుపివకైన్. దాని బంధువు రోపివకైన్ 1996లో వాడుకలోకి వచ్చింది. ఇది కాళ్ళ కదలికను తక్కువగా, తక్కువసేపు ఆపుతుంది. ఇంకా త్వరగా దిగిపోయేది క్లోరోప్రొకైన్. పాతకాలంలో అందులో కలిపిన నిల్వ మందు వల్ల చెడ్డపేరు వచ్చినా, అది లేని 1 శాతం మందును 2017లో అమెరికా వెన్ను మత్తుకు అనుమతించింది.

ఏది మంచిది?

రైతును "ఏ వరి మంచిది?" అని అడిగితే "ఏ నేల, నీళ్ళెన్నాళ్ళు, ఏ కాలం?" అని తిరిగి అడుగుతాడు. స్వల్పకాలిక రకానికీ దీర్ఘకాలిక రకానికీ దేని చోటు దానిది. మత్తుమందూ అంతే. అరగంటలో ముగించి సాయంత్రానికి ఇంటికి పంపే చిన్న ఆపరేషనుకు మూడు గంటల మందు ఇస్తే, కాళ్ళు కదలక, మూత్రం రాక ఆస్పత్రిలోనే ఉండిపోవలసి వస్తుంది. అక్కడ క్లోరోప్రొకైన్ లాంటిది నయం. తుంటి ఎముక ఆపరేషనుకు అది చాలదు, బుపివకైన్ కావాలి. సిజేరియన్‌కూ చాలాచోట్ల అదే. మోతాదు కొద్దిది గనుక బిడ్డకు చేరే మందు బహుస్వల్పం, తల్లి బిడ్డ ఏడుపును తన చెవులతో వింటుంది.

ఇక జన్మంతా నడుము నొప్పి మాట. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండవచ్చు. లిగ్నొకైన్ రోజుల్లో కాళ్ళ నొప్పి నిజంగా ఉండేది గనుక మన పెద్దవాళ్ళ మాట పూర్తిగా కల్పన కాదు. అయితే ఏళ్ళ తరబడి ఉండే నడుము నొప్పికి ఈ సూదే కారణమని రుజువు కాలేదు. నెలల తరబడి బిడ్డను మోసిన నడుము, వదులైన కీళ్ళు, పచ్చి ఒంటితోనే నాట్లకూ కలుపులకూ వంగడం, ఇవన్నీ పక్కనుండగా నేరం మొత్తం సూది మీద వేస్తున్నాం. దానివల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి. అవసరమైన చోట కూడా మనవాళ్ళు వెన్ను మత్తు వద్దంటున్నారు. రెండోది మరీ ముఖ్యం: ఆపరేషనయిన ఆడమనిషి నడుము పట్టుకుని కూర్చుంటే "ఆ సూది వల్లేలే" అని సరిపెట్టేస్తున్నారు గాని, ఆమెకు విశ్రాంతి ఇద్దామని, డాక్టరుకు చూపిద్దామని ఎవరికీ తోచడం లేదు.

మిత్రులారా, సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు ఈ సంగతి మన ఇళ్ళలో చెబుదాం. ఆపరేషనుకు ముందు, "ఏ మందు ఇస్తున్నారు, ఎంతసేపు ఉంటుంది, మా వాళ్ళకు గుండె జబ్బుంది, ఫలానా మందు పడదు" అని మత్తు డాక్టరుతో మాట్లాడే హక్కు రోగికి ఉంది. మన అమ్మలకూ అత్తలకూ ఆ మాటలు అడిగే ధైర్యం రావాలంటే, నాలుగు అక్షరాలు చదువుకున్న మనం వాళ్ళ పక్కన నిలబడాలి.