పరుగుబాటపై రంగస్థలం

2025లో నెలన్నర వ్యవధిలో ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం మూడుసార్లు వార్తల్లోకెక్కింది. సెప్టెంబరు 27 నుంచి అక్టోబరు 5 దాకా అక్కడ ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. వాటికోసమే కొత్తగా పరిచిన మోండో ట్రాక్ మీద మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి, మేధోపరమైన వైకల్యం ఉన్నవారి 400 మీటర్ల పరుగులో రజతం గెలిచింది. రెండు వారాలు తిరక్కుండానే, అక్టోబరు 18, 19 రాత్రుల్లో, అదే ఆవరణలో అమెరికా ర్యాపర్ ట్రావిస్ స్కాట్ పాడాడు. నవంబరు రెండోవారంలో ఇంకో కబురు వచ్చింది. ఈ స్టేడియాన్ని పూర్తిగా పడగొట్టి, 102 ఎకరాల్లో ‘స్పోర్ట్స్ సిటీ’ కట్టాలని కేంద్ర క్రీడా మంత్రిత్వశాఖ ఆలోచిస్తోందట.

పడగొట్టేముందు, అక్కడ ఏం జరిగిందో ఒకసారి చెప్పుకోవాలి. ఎందుకంటే స్వతంత్ర భారతం ఆటలను ఎలా చూసిందో తెలుసుకోవడానికి ఈ ఒక్క మైదానం కథ చాలు.

1982 నవంబరు 19. ఇందిరాగాంధీ పుట్టినరోజు. తొమ్మిదో ఆసియా క్రీడలను, అంటే ఏషియాడ్‌ను, రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ ఈ స్టేడియంలోనే ప్రారంభించారు. దేశానికి రంగుల టీవీ వచ్చింది ఆ ఏడాదే. ఆ క్రీడల చిహ్నమైన ‘అప్పు’ ఏనుగుపిల్ల బొమ్మ ఊరూరా తెలిసిపోయింది. తెలుగునాట కూడా టీవీ ఉన్న ఇంటి ముందుగదిలో వీధి వీధంతా చేరి ఆ క్రీడలు చూసిన తరం ఒకటుంది.

ఆ వెలుగుకు వెనుక ఇంకొక చరిత్ర ఉంది. దాన్ని మనం తక్కువగా తలుచుకుంటాం. ఏషియాడ్ కోసం ఢిల్లీలో స్టేడియాలు, ఫ్లైఓవర్లు, హోటళ్లు ఒకేసారి లేచాయి. వాటిని కట్టింది దూరప్రాంతాల నుంచి కూలీలను కుదిర్చే జమాదార్లు తీసుకొచ్చిన వలస కూలీలు. రోజుకు చట్టప్రకారం రావాల్సిన కనీస వేతనం తొమ్మిది రూపాయల పావలా. అందులో ఒక రూపాయి జమాదారు కమీషన్ కింద పట్టుకునేవాడు. కూలీ చేతికి అందేది ఎనిమిదింబావలా. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రాటిక్ రైట్స్ అనే హక్కుల సంఘం ఈ సంగతులు లేఖగా రాస్తే, సుప్రీంకోర్టు ఆ లేఖనే పిటిషన్‌గా తీసుకుంది. క్రీడలు మొదలవడానికి రెండు నెలల ముందు, సెప్టెంబరులో, జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు చెప్పారు. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనన్నది దాని సారాంశం. ఈ దేశంలో కూలీల హక్కుల గురించి వాదించే ప్రతి న్యాయవాదీ నేటికీ ఆ తీర్పును ఉదాహరిస్తాడు. ఏషియాడ్‌లో మనకు దక్కిన 13 స్వర్ణాలకంటే ఆ తీర్పు విలువ తక్కువేమీ కాదని నా గట్టి నమ్మకం.

ఆ 13లో అథ్లెటిక్స్‌వి నాలుగు. 400 మీటర్ల హర్డిల్స్‌లో ఎం.డి. వల్సమ్మ, 800 మీటర్లలో చార్లెస్ బొరోమియో, గుండు విసరడంలో బహదూర్‌సింగ్, 20 కిలోమీటర్ల నడకలో చాంద్‌రామ్. 18 ఏళ్ల పి.టి. ఉష 100 మీటర్లలో ఫిలిప్పీన్స్ అమ్మాయి లిడియా డి వేగా వెనుక రెండో స్థానంలో వచ్చింది. ఉష ఈ మైదానానికి 1989 నవంబరులో మళ్లీ వచ్చింది. ఆసియా ట్రాక్ అండ్ ఫీల్డ్ పోటీల్లో నాలుగు స్వర్ణాలు, రెండు రజతాలు ఒక్కతే పట్టుకెళ్లింది. భారత అథ్లెటిక్స్‌లో ఒక మనిషి, ఒక మైదానం ఇంతగా కలిసిపోయిన సందర్భాలు అరుదు.

ఏషియాడ్ కోసం పెట్టిన ఫ్లడ్‌లైట్లు క్రికెట్‌కూ పనికొచ్చాయి. 1984 సెప్టెంబరు 28న భారత్, ఆస్ట్రేలియా తలపడిన మ్యాచ్ మన గడ్డమీద జరిగిన తొలి డే నైట్ వన్డే. కెప్లర్ వెస్సెల్స్ సెంచరీ కొట్టాడు, మనం 48 పరుగులతో ఓడాం. ఏడేళ్ల తర్వాత అదే వెస్సెల్స్ ఇంకో జెండా కింద ఇక్కడికి వచ్చాడు. జాతివివక్ష కారణంగా రెండు దశాబ్దాలు వెలిలో ఉన్న దక్షిణాఫ్రికా జట్టు, నిషేధం ఎత్తివేశాక తొలి పర్యటనకు భారత్‌నే ఎంచుకుంది. ఆ సిరీస్‌లో ఆఖరి వన్డే 1991 నవంబరు 14న ఇక్కడే. వర్ణవివక్షను మొదటినుంచీ గట్టిగా ఎదిరించిన నెహ్రూ పుట్టినరోజునాడు, ఆయన పేరున్న స్టేడియంలో ఆ జట్టు ఆడింది. రవిశాస్త్రి, మంజ్రేకర్ చెరో సెంచరీ చేసినా ఆ రాత్రి గెలుపు వాళ్లదే, సిరీస్ మాత్రం మనది. ఆ తర్వాత అంతర్జాతీయ క్రికెట్ ఈ మైదానం వైపు మళ్లీ రాలేదు.

కచేరీల సంగతికొస్తే, ఇక్కడ సంగీతం ఈమధ్య మొదలైంది కాదు. 1988 సెప్టెంబరు 30న ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ప్రపంచయాత్ర ఢిల్లీలో ఆగింది. విశ్వమానవ హక్కుల ప్రకటనకు నలభై ఏళ్లు నిండిన సందర్భమది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, పీటర్ గేబ్రియెల్, ట్రేసీ చాప్‌మన్, సెనెగల్ గాయకుడు యూసూ ఎన్‌డూర్ ఒకే వేదికెక్కారు. ఆ రోజుల్లో మన కుర్రకారుకు ఆ గొంతులు క్యాసెట్లలోనే తెలుసు. అంతకు ఆరేళ్ల ముందు కూలీల హక్కులను కోర్టుకెక్కించిన ఉత్సవానికి వేదికైన చోటనే, మానవ హక్కుల కోసం వేలమంది గొంతు కలిపారు. స్టేడియంలో పాట ఉండకూడదని వాదించేవాళ్లకు నేను చెప్పేది ఈ ఒక్క రాత్రి గురించే. వేలమంది ఒకేచోట చేరి ఒకే మాట అనుకోవడానికి దేశానికి ఒక చోటు కావాలి.

2010 కామన్వెల్త్ క్రీడలకు పాత స్టేడియాన్ని దాదాపు మళ్లీ కట్టినంత పనిచేశారు. చుట్టూ తెల్లని పైకప్పు, దాదాపు 60 వేల సీట్లు, 961 కోట్ల రూపాయల ఖర్చు. క్రీడలకు రెండు వారాల ముందు, సెప్టెంబరు 21న స్టేడియం పక్కనే కడుతున్న పాదచారుల వంతెన కూలి 27 మంది గాయపడ్డారు. కూలీల వేతనాల మీద అదే హక్కుల సంఘం మళ్లీ కోర్టుకెళ్లాల్సి వచ్చింది, ఈసారి హైకోర్టుకు. ఇరవై ఎనిమిదేళ్లలో కప్పు మారింది, కూలీ పరిస్థితి మారలేదు. అయినా అక్టోబరు 11 సాయంత్రాన్ని ఎవరూ చిన్నది చేయలేరు. కృష్ణ పూనియా డిస్కస్‌ను 61.51 మీటర్లు విసిరింది. 1958లో మిల్ఖాసింగ్ తర్వాత కామన్వెల్త్ అథ్లెటిక్స్‌లో భారత్‌కు అదే తొలి స్వర్ణం. రజతం హర్వంత్ కౌర్‌కు, కాంస్యం సీమా అంటిల్‌కు వచ్చాయి. మూడు స్తంభాల మీదా మూడు జెండాలూ మనవే.

2017 అక్టోబరు 9న ఇదే మైదానంలో, అండర్ 17 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో కొలంబియా మీద 82వ నిమిషంలో మణిపూర్ కుర్రాడు జీక్సన్‌సింగ్ కార్నర్‌ను తలతో కొట్టి గోల్ చేశాడు. ఏ స్థాయి ఫిఫా ప్రపంచకప్‌లోనైనా భారత్ కొట్టిన తొలి గోల్ అది. మరుసటి నిమిషంలోనే కొలంబియా ఇంకో గోల్ కొట్టి గెలిచేసింది.

ఇవన్నీ పండగ రోజులు. మిగతా రోజుల్లో ఏమిటన్నదే అసలు ప్రశ్న.

2024 అక్టోబరు 26, 27 తేదీల్లో దిల్జీత్ దోసాంజ్ కచేరీ జరిగింది. ఆ తర్వాత రోజువారీ సాధనకు వచ్చిన ఒక అథ్లెట్ తీసిన వీడియో దేశమంతా చూసింది. ట్రాక్ మీద సీసాలు, కుళ్లిన తిండి, మూలకు పారేసిన హర్డిళ్లు. అద్దెకు తీసుకున్నవాళ్లు మైదానాన్ని ఇచ్చినప్పటి స్థితిలోనే తిరిగి అప్పగించాలని ఒప్పందంలో ఉందని స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా, అదే ‘శాయ్’, బదులిచ్చింది. చెత్త ఒకటి రెండు రోజుల్లో తీసేయొచ్చు. ట్రాక్ సంగతి వేరు. సింథటిక్ పొర మందం సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. దాని మీదుగా వేదిక సామాను లారీలు వెళ్తే, ఇనుప చట్రాలు రోజుల తరబడి నిలబడితే, పైన పలకలు పరిచినా ఒత్తిడి ఒకేచోట పడుతుంది. పొర అడుగున పట్టు వదిలితే పైకి కనబడదు, పరిగెత్తేవాడి మడమకే తెలుస్తుంది. పలకల కింద గాలీ వెలుతురూ అందని గడ్డి పసుపెక్కుతుంది. అన్నింటికంటే పెద్ద నష్టం, గేటు మూసిన రోజులు. జాతీయ పోటీకి సిద్ధమవుతున్న పిల్లకు ఒక వారం సాధన పోతే, ఆ వారం మళ్లీ దొరకదు.

2025 పారా పోటీల సమయంలో సాధన మైదానం దగ్గర ఇద్దరు విదేశీ కోచ్‌లను వీధికుక్కలు కరిచాయి. ప్రపంచ పోటీకి కొత్త ట్రాక్ పరచగలిగిన మనకు ఆవరణను కాపాడుకోవడం చేతకాలేదు. కట్టడానికి డబ్బుంటుంది, పోషణకు ఉండదు. స్టేడియాన్ని మనం పెళ్లిపందిరిలా చూస్తున్నాం. ముహూర్తానికి తళతళలాడాలి, తెల్లారాక ఎవరికీ పట్టదు. హైదరాబాద్‌వాసులకు ఇది కొత్త కాదు. లాల్‌బహదూర్ స్టేడియంలో 2004లోనూ 2023లోనూ ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారాలు జరిగాయి. వేదిక కట్టినన్నాళ్లు ఆటగాళ్లు ఎక్కడికి వెళ్లాలన్నది అక్కడా ఎవరికీ ముఖ్యమైన ప్రశ్న కాలేదు.

కచేరీలను నిషేధించమని నేననను. అన్ని వేల సీట్లున్న కట్టడం ఒట్టి టికెట్ల మీద, ప్రభుత్వ గ్రాంటు మీద బతకలేదు. అద్దె రావాలి, రానివ్వండి. కానీ ఆ డబ్బు ఎంతో, అందులో ట్రాక్‌కూ గడ్డికీ క్రీడాకారుల మరుగుదొడ్లకూ ఎంత వెళ్లిందో జనానికి తెలియాలి. ఏ తేదీన మైదానం మూస్తారో కోచ్‌లకు నెలల ముందే చెప్పాలి, ఆ రోజులకు వేరే ట్రాక్ చూపించాలి. ఇందుకు కొత్త నగరం కట్టక్కర్లేదు.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు దక్కాయి. 2036 ఒలింపిక్స్ మీద ఆశ ఉంది. కాబట్టి మళ్లీ కట్టడాల కాలం వస్తోంది. 1982లో ఈ ట్రాక్ మీద రజతం గెలిచిన ఉషే ఇప్పుడు భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలు. ఆమెకూ, క్రీడామంత్రికీ నా విన్నపం ఇది. గోడలు పడగొట్టే తేదీ ప్రకటించేముందు, ఇక్కడ రోజూ సాధన చేసే పిల్లలు మర్నాటి నుంచి ఎక్కడ పరిగెత్తాలో ప్రకటించండి. కొత్తది కట్టే కూలీకి పూర్తి వేతనం అతని చేతికే అందేలా చూడండి. ఈ రెండు హామీలూ రాతపూర్వకంగా వచ్చేదాకా పాత స్టేడియం మీద ఒక్క గడ్డపార దెబ్బ కూడా పడకూడదు.