కుండీలోని వృక్షం మన చేతిలోని అమానతు

ఇంటి చుట్టూ నేల లేని విజయవాడ కుటుంబాలకు బాల్కనీలోని కుండీలే తోట. వృద్ధ వృక్షపు రూపాన్ని జానెడు ఎత్తులో నిలిపే బోన్సాయ్ అక్కడ ఎంతో ముచ్చట గొలుపుతుంది. చైనాలో పుట్టి జపాన్‌లో పరిణతి చెందిన ఈ కళలో పైన్, జూనిపర్ వంటి శృంగాకార వృక్షాలది పెద్దపీట. అయితే శీతల దేశాల చెట్టును కృష్ణా డెల్టాకు తెచ్చేముందు అది ఏ జాతిదో, మన వాతావరణంలో బ్రతుకుతుందో తెలుసుకోవడం మొదటి బాధ్యత అని మేము భావిస్తున్నాము.

నర్సరీలలో సాధారణంగా కనిపించే లేత మొక్కలను ఆకును బట్టి గుర్తించవచ్చు. థూజా ఆకులు నెమలి పింఛంలా చదునుగా, నిలువుగా ఉంటాయి. మన ఎండను ఇది కొంత ఓర్చుకుంటుంది. జూనిపర్‌కు లేత దశలో గుచ్చుకునే సూదులు, ముదిరాక కొమ్మను అంటిపెట్టుకునే పొలుసులు ఉంటాయి. చలికాలపు విశ్రాంతికి అలవాటుపడిన ఈ జాతికి మన వేసవి కఠిన పరీక్ష. క్రిస్మస్ చెట్టు పేరిట అమ్మే అరకేరియా కొమ్మలు అంతస్తులుగా వస్తాయి. కత్తిరించిన చోట కొత్త కొమ్మ రాదు గనుక అది బోన్సాయ్‌కి అనువైనది కాదు.

బందరు తీరపు ఇసుక నేలల్లో పెరిగే సరుగుడును చాలామంది ఈ కోవలోనే చేరుస్తారు. నిజానికి అది పూల మొక్కల వర్గానికి చెందినది. సూదులుగా తోచేవి దాని సన్నని రెమ్మలే. ఒకదాన్ని లాగితే కణుపు వద్ద ఊడుతుంది. అక్కడి చిన్న పొలుసులే దాని ఆకులు. శృంగాకార వృక్షపు అందం కోరేవారికి ఈ నేలకు అలవాటుపడిన సరుగుడే మేలైన ఎంపిక.

మొక్కను ఎన్నుకునేటప్పుడు ఎత్తును చూడరాదు. మొదలు లావుగా ఉండి పైకి సన్నబడాలి. వేళ్ళు నలువైపులా విస్తరించాలి. కింది కొమ్మలు సజీవంగా ఉండాలి. జూనిపర్ వంటివి వేళ్ళు చచ్చాక కూడా కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తాయి. కనుక రంగును నమ్మక, బెరడును గోటితో కొద్దిగా గీరి లోపలి పచ్చదనాన్ని పరిశీలించాలి.

డెల్టా నల్లమట్టి కుండీలో గట్టిపడి నీటిని నిలువ చేస్తుంది. ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు, కొద్దిపాటి చివికిన ఎరువు కలిపిన మిశ్రమం వేళ్ళకు గాలినిస్తుంది. గదిలో అలంకారంగా ఉంచక, ఉదయపు ఎండ తగిలే ఆరుబయట ఉంచాలి. రోహిణి కార్తెలో మధ్యాహ్నపు నీడ, రెండు పూటలా నీరు అవసరం. మిగతా కాలంలో పైమట్టి తడి ఆరాకే నీరు పోయాలి. వేళ్ళు కత్తిరించడం, కొమ్మలు తీయడం, తీగ చుట్టడం ఒకేసారి చేయరాదు. శృంగాకార జాతులలో ఆకులేని ముదురు కొమ్మ తిరిగి చిగురించడం అరుదు. కాబట్టి ప్రతి కొమ్మపై కొంత పచ్చదనం మిగల్చాలి. తీగ బెరడులోకి దిగకముందే తీసివేయాలి.

పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, అది స్వయంగా వెతుక్కునే వీలూ ఇవ్వని స్త్రీ శిక్షకు గురైందని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు. మొక్కకూ ప్రాణికీ తేడా ఉన్నా, ఆ బోధ మనల్ని ఆలోచింపజేయాలి. నేలలోని చెట్టు నీటి కోసం వేళ్ళను లోతుకు పంపుకోగలదు. కుండీలోని చెట్టుకు ఆ దారిని మూసింది మనమే. అందుచేత దాని దాహం మన పూచీ.

పెళ్ళికో, పండుగకో, ఉమ్రా యాత్రకో ఇల్లు విడిచేటప్పుడు ఆ పనిని పొరుగువారికి అప్పగించి వెళ్ళాలి. అంతటి శ్రద్ధ సాధ్యంకాని కుటుంబం అదే సరుగుడు మొక్కను బంధువుల పొలం గట్టున నాటడం ఉత్తమం. అక్కడ అది నీడనిచ్చే చెట్టవుతుంది.