కాగజ్‌నగరమున కరెంటు పనివారి చదువు

కాగజ్‌నగరమను పేరులోనే ఆ యూరి వృత్తి యున్నది. పూర్వము కొత్తపేట యని పిలువబడుచుండిన యీ గ్రామమునకు, నిజాము ప్రభుత్వకాలమున 1938వ సంవత్సరమున సిర్పూరు పేపరు మిల్లు స్థాపింపబడిన పిమ్మట, కాగితముల నగరమను నర్థము వచ్చు నీ క్రొత్త పేరు గలిగినది. కాజీపేటనుండి బల్లార్షా పోవు రైలుమార్గమున ‘సిర్పూరు కాగజ్‌నగరు’ అను బోర్డు చూచి దిగిన వారికి, ఈ యూరి కథ యంతయు ఆ మిల్లుతోనే ముడివడి యున్నదని చెప్పుటకు వేఱొకరు అక్కఱలేదు. 2016 అక్టోబరు వఱకు ఆదిలాబాదు జిల్లాలో నుండిన యీ పట్టణము నేడు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోనిది.

కాగితము చేయుట చూడని సోదరీమణులకు రెండు మాటలు చెప్పెదము. వెదురు, కఱ్ఱ మొదలగువానిని ముక్కలు చేసి, రసాయనములతో నుడికించి గుజ్జు చేయుదురు. ఆ గుజ్జు నీటిలో కలిసి పాలవలె పలుచనై, కదలుచుండు జల్లెడపై పాఱును. నీరు క్రిందికి దిగిపోగా మిగిలిన పొర రోలర్ల నడుమ పిండబడి, ఆవిరితో కాగుచుండు పెద్ద పెద్ద డోళ్ల వంటి సిలిండర్లమీదుగా సాగి, ఆఱి, కడపట చుట్టగా చుట్టుకొనును. ఈ భాగములన్నియు ఒకదాని వేగమునకొకటి సరిపోవలెను. ఒకటి రవ్వంత ముందు పరుగిడెనా, తడికాగితము తెగును. కనుక ఆ యంత్రమును నడపువాడెంత ముఖ్యుడో, దాని మోటారులను కనిపెట్టుకొని యుండు ఎలక్ట్రీషియనును అంత ముఖ్యుడు.

తొల్లి లోకమందలి కాగితపు యంత్రములలో పొడవైన యిరుసు నొకదానిని త్రిప్పి, దానినుండి బెల్టులతో అన్ని భాగములను నడపుచుండిరి. తరువాత భాగమునకొక మోటారు వచ్చినది. నేడు ఆ మోటారుల వేగమును తీర్చిదిద్దుటకు ‘డ్రైవు’ అను పెట్టెలున్నవి. వచ్చు కరెంటును అవి యొకమాఱు డీ.సీ.గా మార్చి, మఱల వలసినన్ని సైకిళ్ల ఏ.సీ.గా మలచి మోటారునకు అందించును. ఇరుసు కాలమున నేర్చిన పని డ్రైవు కాలమునకు చాలదు. పని మాఱినప్పుడు పనివాని చదువును మాఱవలెను గదా! కాని యా చదువు ఎవరు చెప్పవలెను, ఎప్పుడు చెప్పవలెను, ఆ దినముల కూలి ఎవరియ్యవలెను అను ప్రశ్నలే చిక్కైనవి.

2014వ సంవత్సరమున మిల్లు ఆగిపోయినది. 2018లో జె.కె. పేపరు సంస్థ చేతికి వచ్చి పునరుద్ధరింపబడు వఱకు రమారమి నాలుగేండ్లు ఆ యూరి పొగగొట్టము చల్లబడి యుండెను. అంతకు మున్నే, 1980ల దశకమున, అక్కడి సర్‌సిల్కు కర్మాగారము మూతపడి యుండినది. ఊరు చిన్నది, ఆధారము ఒక్కటి. అది పోయిన దినములు ఆయా యిండ్ల స్త్రీలకు తెలిసినట్లు మఱియొకరికి తెలియవు.

ఆ నాలుగేండ్ల సంగతి మా కొక యిల్లాలు చెప్పినది. ఆమె భర్త పదునేడవ యేట మేనమామ వెంట సహాయకుడుగా పనిలో జేరి, యిరువది రెండేండ్లు కంట్రాక్టరుల క్రింద మోటారుల పనియే చేసెను. ఏ మోటారు ఎట్లు మూల్గునో విని, దాని బేరింగు చెడినదో చుట్టు కాలినదో చెప్పగల దిట్ట యట. పని లేకపోగా మంచిర్యాల, చంద్రపురము, హైదరాబాదు తిరిగెను. ప్రతి చోటను ఒకే ప్రశ్న: ఐ.టి.ఐ. పత్రము గలదా? వైర్‌మన్ పర్మిటు గలదా?

“కాగితములు చేసే యూరిలో ఇరువది రెండేండ్లు పనిచేసి, చేతిలో ఒక్క కాగితము లేక తిరిగి వచ్చినారమ్మా” అని యామె నవ్వినది. ఆ నవ్వు వినుట మాకు కష్టముగా నుండెను. కడపట నొకచోట, తనకంటె పదునైదేండ్లు చిన్నవాడైన పత్రధారి క్రింద, సగము కూలికి నిలిచినాడట. ఇంటివద్ద ఈమె కుట్టుమిషను త్రొక్కి పిల్లల ఫీజులు కట్టినది. మెడలోని గొలుసు మొదటి యేటనే పోయినది.

పత్రము లేకుండుటయే లోపమని మేమును మొదట తలచితిమి. ఆయనతో మాటలాడిన పిదప మఱియొకటి తెలిసినది. ఒకనాడాయన క్రొత్తచోట డ్రైవు పెట్టెను విప్పవలసి వచ్చెను. స్విచ్చి దించెను. టెస్టరుతో చూచెను, వెలుగలేదు. ఇరువదేండ్ల యలవాటు చొప్పున నిర్భయముగా స్పానరు పెట్టెను. అది రెండు కొనలకు తగిలినంతనే పిడుగువంటి శబ్దమై అరచేయి కాలినది. డ్రైవులోని కెపాసిటరులు స్విచ్చి దించిన తరువాతను కొన్ని నిమిషములు కరెంటును దాచుకొని యుండునని, అంతసేపు వేచియుండి, తగిన మీటరుతో కొలిచిన గాని చేయి పెట్టరాదని ఆయనకు చెప్పినవారు లేరు. పెట్టెమీద వ్రాసి యున్నది గాని యింగ్లీషున నున్నది. “నాకు పని వచ్చుననుకొంటిని, పాతపని వచ్చును” అని ఆయన తలవంచుకొని చెప్పెను. ఇంతటి నిజము ఒప్పుకొనుట చదువుకొన్నవారికిని సులభము కాదు.

ఇట్టి యెఱుగమి ఒక్క మిల్లులకే పరిమితము కాదు. ఇంటి కప్పుపై సౌర ఫలకములు వచ్చినవి. క్రింద మెయిను దించినను ఎండ యున్నంతవఱకు ఫలకమునుండి వచ్చు తీగెలలో ప్రాణము పోదు. పైగా నది డీ.సీ. మన యిండ్లలోని ఏ.సీ. సెకనునకు నూఱు మాఱులు సున్నకు దిగి లేచును గనుక మెఱపు తెగును, డీ.సీ. మెఱపు అట్లు తెగక సాగి అంటించును. ఇక నింటి జనరేటరును సరియైన మార్పు స్విచ్చి లేక కలిపినచో, ఆ కరెంటు వెనుకకు పోయి వీధిలోని తీగె కెక్కును. ‘లైను క్లియరు’ తీసికొని, తీగె చచ్చినదను నమ్మకముతో స్తంభమెక్కిన లైన్‌మన్ గతి యేమగునో వ్రాయుటకు మాకు చేతులాడవు. మన దేశమున కరెంటు తగిలి ఏటేట పదివేలకు మించిన ప్రాణములు పోవుచున్నవి.

మా యింటి తప్పును చెప్పుకొందుము. వానకాలమున మా యింట ఆర్.సి.సి.బి. యను పరికరము మాటిమాటికి పడిపోవుచుండెను. ఫేజులో పోయిన కరెంటంతయు న్యూట్రలులో తిరిగి వచ్చినదా యని అది తూచుచుండును. ఇండ్లలో సాధారణముగా పెట్టుదానికి 30 మిల్లీయాంపియర్ల తేడా వచ్చిన చాలును, రెప్పపాటులో తీగె తెంచును. మేము పిలిచిన పనివాడు చూచి, “ఇది చెడినది” అని తీసివేసి నేరుగా కలిపిపోయెను. దీపములు నిలిచినవి. మేము సంతోషించి అడిగినదానికంటె పది రూపాయలు ఎక్కువ యిచ్చితిమి! మూడు నెలల తరువాత వేఱొక కుఱ్ఱవాడు వచ్చి మీటరు పెట్టి చూచి, నీళ్లు కాచు గీజరులో లీకున్నదని, ఆ పరికరము తన పని తాను చేసినదని చెప్పెను. పిల్లలు స్నానము చేయు గది యది. ఆ కుఱ్ఱవాడు ఐ.టి.ఐ. చదివి, ఆపై పనిచేయుచునే చిన్నకోర్సు నొకటి ముగించినవాడు. మొదటివాడు చెడ్డవాడు కాడు. ఫ్యూజుతీగె కాలమున నేర్చి, అక్కడనే నిలిచినాడు.

మఱి నేర్చుకొనుటకు దారు లేవి? కుఱ్ఱవారి మాట సులభమైనది. 1950లో మొదలైన వృత్తిశిక్షణ పథకము క్రింద ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియను కోర్సు రెండేండ్లది. 1961 నాటి అప్రెంటిసుల చట్టము ననుసరించి ఆపై కర్మాగారములలో అభ్యాసము చేయవచ్చును. పనిలో నున్న పెద్దవారి సంగతియే వేఱు. వారి కొఱకే 1977లో అడ్వాన్సుడు వొకేషనల్ ట్రైనింగు అను పథకము వచ్చినది. కార్మికుడు కొలదికాలము సెలవుపెట్టి క్రొత్త పని నేర్చి మఱల తన చోటికి పోవుట దాని యుద్దేశము. ఎలక్ట్రానిక్సు విషయమై హైదరాబాదు రామంతాపురమున 1974లోనే యొక కేంద్రసంస్థ వెలసినది. నేడు దానిని జాతీయ నైపుణ్య శిక్షణసంస్థ యందురు. విద్యానగరములో స్త్రీలకు ప్రత్యేకముగా నట్టి సంస్థ గలదు. 2015 నుండి కేంద్రప్రభుత్వ కౌశల్ వికాస్ యోజనలో, ముందే పని వచ్చిన వానిని పరీక్షించి, లోటున్నంత మేరకు చెప్పి, పత్రమిచ్చు పద్ధతి యేర్పడినది. మన యిల్లాలి భర్త వంటి వారికే యిది తగినది. 2024లో తెలంగాణ ప్రభుత్వము 65 ఐ.టి.ఐ.లను అధునాతన శిక్షణకేంద్రములుగా మార్చ బూనినది. క్రొత్త యంత్రములు వచ్చుట మంచిదే. సాయంకాలము పని దిగి వచ్చినవానికి ఆ తలుపులు తెఱచి యుండునా యనునదే మేము చూడవలసినది.

ఒక సంగతి చెప్పుట మఱచితిమి. నైపుణ్య పత్రము వేఱు, పర్మిటు వేఱు. ఇండ్లలో, కర్మాగారములలో వైరింగు పని లైసెన్సు గల కంట్రాక్టరు ద్వారా, యోగ్యతాపత్రము గలవాని పర్యవేక్షణలో, పర్మిటు గలవాడే చేయవలెనని దేశమందలి భద్రతానిబంధనలు చెప్పుచున్నవి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చుకొనుట వంటి చిన్నపనులకు మాత్రము మినహాయింపు గలదు. మన మెన్నడైన పనివానిని “పర్మిటు చూపు నాయనా” అని యడిగితిమా? కూరగాయలను మాత్రము విఱిచి చూచి కొందుము.

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఎలక్ట్రీషియను ఏటేట నాలుగు గంటల పాఠము వినిన గాని లైసెన్సు తిరిగి యీయరు. ఆ దేశపు విద్యుత్ నియమావళి మూడేండ్లకొకమాఱు సవరింపబడును గనుక, ఆ సవరణలు పనివాని చెవిని పడవలెనని వారి యెత్తుగడ. మన జాతీయ విద్యుత్ నియమావళియు 1985లో వెలువడి 2011లోను 2023లోను సవరింపబడినది. గ్రంథము మాఱుచున్నది, దానిని తెలుగున చేసి, చిన్న పుస్తకముగా ఎలక్ట్రికల్ దుకాణములలో ఉంచినచో, తీగెల చుట్టతో పాటు కొనిపోవరా?

ఇంతవఱకు పురుషుల మాటయే వ్రాసితిమి. మనవారును ఈ పనిలోనికి వచ్చినారు. 2019లో తెలంగాణలో జూనియరు లైన్‌మన్ ఉద్యోగములకు ప్రకటన వెలువడినప్పుడు స్త్రీలకు చోటు లేకుండెను. కొందఱు యువతులు హైకోర్టు నాశ్రయించి, స్తంభమెక్కు పరీక్షకు అనుమతి సంపాదించిరి. వారిలో సిద్ధిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష 2022 మే నెలలో నియామకపత్రము నందుకొని రాష్ట్రమున తొలి లైన్‌వుమన్ అయినది. స్తంభమునకు ఎక్కువాడు మగవాడో ఆడుదో తెలియదు. చెప్పులు జాఱుచున్నవో లేదో తెలియును. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను పాఠము వినుటకు మన బాలికలకు ఏ యడ్డంకియు లేదు. ఉన్న యడ్డంకి యింటిలోనిది.

పెద్దవారి చదువునకును గృహిణి సాయము లేనిదే జరుగదు. కాగజ్‌నగరమునుండి హైదరాబాదు రైలున ఒక పూట ప్రయాణము. వారము దినముల శిక్షణ యన్న వారము కూలి పోవుట, బస, భోజనము. “నలుబదేండ్లకు బడికి పోవుటా?” అని యిరుగుపొరుగు నవ్వుట అన్నిటికంటె బరువైనది. మా యిల్లాలు ఆ నవ్వును లెక్కచేయలేదు. మిల్లు తిరిగి మొదలైన తరువాత చేతికి కొంచెము సొమ్ము వచ్చినంతనే, పోయిన గొలుసును విడిపింపక, భర్తను శిక్షణకు పంపినది. తిరిగి వచ్చి యాయన పర్మిటు పరీక్షకు కూర్చుండవలసి యుండెను.

మేము వారి యింటికి మఱల పోయిన నాటి సాయంకాలము, ఆమె కుట్టుమిషను ముందు కూర్చుండి యుండెను. మిషనుపై గుడ్డకు బదులు పదవతరగతి చదువు కుమార్తె వ్రాసియిచ్చిన నోటుపుస్తకము. “ఎర్తు తీగె యే రంగు?” అని ఆమె యడుగుచున్నది. ఆయన లోపలినుండి “ఆకుపచ్చ” అని చెప్పెను. “డ్రైవు విప్పుటకు ముందు?” ఒక క్షణము జవాబు రాలేదు. “చేయి కట్టుకొని నిలువవలెను” అని ఆయన యనగా, కుమార్తె “ఎన్ని నిమిషములో కూడ చెప్పవలె నాన్నా, మార్కులు పోవును” అని గద్దించినది.