వంటగది నేల: బేతంచెర్ల బండా, టైలా?

కర్నూలు, కడప వైపు ఇల్లు కట్టేవాళ్లకు వంటగది నేల దగ్గరికొచ్చేసరికి సలహాలకు కొదవుండదు. మేస్త్రి ఒకటి చెబుతాడు, షాపతను ఇంకొకటి, నిరుడు గృహప్రవేశం చేసిన బంధువు మరొకటి. వాటిలో సగం మెరుపు చూసి చెప్పేవే. వంటగది నేల మీద పడేది నీళ్లు, నూనె, పులుసు. ఎంపిక వాటిని బట్టి జరగాలి.

అపోహ: కడప రాయి గ్రానైట్ లాంటిది, దానికేమీ కాదు.

కడప రాయి, బేతంచెర్ల బండ అని పిలిచే ఈ నాపరాయి గట్టిదే, కానీ గ్రానైట్ కాదు. అది సున్నపురాయి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నేలలో పొరలు పొరలుగా ఉండే ఈ రాళ్ల గురించి విలియం కింగ్ 1872లోనే భారత భూగర్భ సర్వే సంస్థ తరఫున వివరంగా రాశాడు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు నడిచేది సున్నపురాయితోనే. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు ఏర్పడిందీ సున్నపురాయిలోనే. వాననీటిలో కలిసే కొద్దిపాటి ఆమ్లం యుగాల తరబడి రాతిని కరిగించుకుంటూ పోతే అంతంత సొరంగాలయ్యాయి.

మన వంటగదిలో చిన్న ఎత్తున జరిగేదీ అదే. ఉగ్గానిలో పిండబోయిన నిమ్మరసం, చింతపండు పులుసు, పుల్ల మజ్జిగ పాలిష్ చేసిన నల్లబండ మీద పడి అలాగే ఉండిపోతే మెరుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. అది మురికి కాదు, రాయే ఆ మేర కరిగింది. ఎంత తోమినా పోదు. ఆ మచ్చ పోగొట్టాలని బాత్రూం యాసిడ్ పోసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, నేలంతా పొడిబారినట్లు తెల్లబోతుంది. ఒలికిన వెంటనే తుడిచెయ్యడం, మామూలు సబ్బునీళ్లతో కడగడం, అప్పుడప్పుడూ సీలర్ పూయించడం చాలు. సీలర్ నూనె ఇంకకుండా కాపాడుతుంది గానీ పులుపును ఆపలేదు. రాయి కొనే ముందే ఒక ముక్క తెచ్చుకుని దాని మీద నిమ్మచెక్క బోర్లించి, కాసేపాగి చూడండి. ఆ మచ్చతో సర్దుకుపోగలమనుకుంటేనే కొనండి.

అపోహ: నాపరాయి చల్లన, టైలు వేడి.

రెండూ పాదంలోని వేడిని త్వరగా లాగేస్తాయి కాబట్టి రెండూ చల్లగానే తగులుతాయి. బండ మందం ఎక్కువ గనక వేడెక్కడానికి కొంత ఎక్కువ సేపు పడుతుంది, అంతే. మే నెలలో కర్నూలు ఇంటిని ఉడికించేది చాలావరకు పైకప్పు. ఆ వేడికి నేలను మార్చి లాభం లేదు.

అపోహ: సంగటి గిన్నె దించితే టైలు వేడికి పగులుతుంది.

విట్రిఫైడ్ టైలును కాల్చేదే దాదాపు 1200 డిగ్రీల వేడిలో. పొయ్యి మీది గిన్నె దానికొక లెక్క కాదు. పగుళ్లకు అసలు కారణం కింద ఉన్న డొల్ల. మేస్త్రి నాలుగు మూలలా, నడుమా ముద్దలుగా సిమెంటు పెట్టి టైలు అతికిస్తే ఆ ముద్దల మధ్య ఖాళీ మిగులుతుంది. అక్కడ గిన్నె మోపి తెడ్డుతో బలంగా గెలికినా, పొత్రం జారిపడినా టైలు విరుగుతుంది. అడుగంతా నిండేలా అతికించమని దగ్గరుండి చెప్పండి. మరునాడు ఒక్కో టైలు మీద తట్టి చూసి, బోలుగా మోగినవాటిని తీయించండి.

అపోహ: సందు లేకుండా వేస్తేనే అందం.

ఎండకు టైలూ, కింది నేలా కొద్దిగా వ్యాకోచిస్తాయి. చోటు లేకపోతే టైళ్లు ఒకదాన్నొకటి నెట్టుకుని పైకి లేస్తాయి. కనీసం 2 మిల్లీమీటర్ల సందు, గోడల పక్కన ఇంకొంచెం వదలాలి. ఆ సందుల్లో మామూలు తెల్లసిమెంటు నింపితే పసుపు, నూనె దానికే ముందు అంటుతాయి. వంటగది వరకైనా ఎపాక్సీ గ్రౌట్‌కు ఖర్చు పెట్టడం న్యాయం.

అపోహ: మిగిలిన గోడ టైళ్లు నేలకూ పనికొస్తాయి.

పనికిరావు, అవి గుల్లగా ఉంటాయి. గోడ టైలు సాధారణంగా తన బరువులో 10 శాతానికి పైగా నీళ్లు పీలుస్తుంది, విట్రిఫైడ్ అర శాతం దాటదు. వెనక వైపు నాలుగు చుక్కలు వేసి చూడండి, గోడ టైలు వాటిని ఇట్టే తాగేస్తుంది.

అపోహ: ఎంత మెరిస్తే అంత శుభ్రం.

ఈ నమ్మకం మాన్పించాలని నాకు గట్టిగా ఉంది, ఎందుకంటే దీనివల్ల పెద్దవాళ్ల తుంటి ఎముకలు విరుగుతున్నాయి. అద్దంలాంటి టైలు మీద నూనె చుక్కా, నీళ్లూ కలిస్తే పాదం నిలవదు. వంటగదికి మ్యాట్ రకం తీసుకోండి. షాపులోనే టైలును తడిపి, చెప్పులు విడిచి నిలబడి చూడండి. నల్లరంగు మురికిని దాస్తుందన్నది కూడా నిజం కాదు. బోరునీళ్లలో లవణాలు ఎక్కువున్న చోట ఆరిన ప్రతి చుక్కా నలుపు మీద తెల్లగా కనిపిస్తుంది. లేత బూడిదరంగు నయం.

ఇక ఇంట్లో ఇప్పటికే పాత నాపబండలుంటే, మెరుపు పోయిందని వాటి మీద టైలు పరిచే ముందు ఒకసారి పాలిష్ మిషన్ పెట్టించి చూడండి. బండ మందంగా ఉంటుంది కాబట్టి పై పొర అరగదీస్తే కింద మళ్లీ కొత్త రాయే వస్తుంది. పైన డిజైన్ అచ్చువేసిన టైలుకు ఆ వీలు లేదు, ఆ పొర అరిగితే టైలు మార్చాల్సిందే.