చంకలోని గ్రంథులు ఏం చెబుతాయి?

ఆ మధ్య ఒక డిగ్రీ కళాశాలలో ఉపన్యాసం ముగించి బయటికి వస్తుంటే, బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి నా వెనకే వచ్చింది. చేతిలో మడతలు పెట్టిన కాగితం ఉంది. "సార్, మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. చంకలోంచి తీసిన పదహారు గ్రంథుల్లో మూడింటికి పాకిందని రాశారు. అంటే ఒళ్ళంతా పాకేసినట్టే కదా సార్? ఇంకెన్నాళ్ళు ఉంటుంది?" అని అడిగింది. నేను నాలుగు ధైర్యవచనాలు చెప్పి పంపించేశాను. ధైర్యం చెప్పడం వేరు, జవాబు చెప్పడం వేరు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇది. అటువంటి కాగితం ఎప్పుడో ఒకప్పుడు మీ చేతికీ రావచ్చు. కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మన కణాల మధ్య ఎప్పుడూ కొంత ద్రవం ఊరుతూ ఉంటుంది. దాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నని నాళాల వ్యవస్థే శోషరస వ్యవస్థ, అంటే లింఫ్ వ్యవస్థ. ఈ నాళాల దారిలో అక్కడక్కడా చిక్కుడు గింజల్లాంటి చిన్న చిన్న గ్రంథులుంటాయి. దారిన పోయే సూక్ష్మజీవుల్నీ చెత్తనీ అవి వడగట్టి పట్టుకుంటాయి. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టడం మీకు తెలిసిందే కదా, ఆ బిళ్ళ ఇదే. రొమ్ము నుంచి వచ్చే శోషరసంలో అధికభాగం చంకలోని గ్రంథులకే చేరుతుంది. రొమ్ములోని కణితి నుంచి విడివడిన కణాలు ఈ వడపోతలో చిక్కుకుని అక్కడే పెరగవచ్చు. శస్త్రచికిత్సలో తీసిన గ్రంథుల్ని పలుచని పొరలుగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. పదహారింటిలో మూడింట క్యాన్సర్ కణాలు కనిపిస్తే రిపోర్టులో "3/16" అని రాస్తారు. దీన్నే వైద్యులు "నోడ్ పాజిటివ్" అంటారు.

ఇది చిన్న విషయమేమీ కాదు. గ్రంథుల సంఖ్య పెరిగేకొద్దీ జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. ఇది ఎన్నో దశాబ్దాలుగా, ఎన్నో దేశాల్లో రుజువైన సంగతి. ఆ అమ్మాయి భయానికి ఆధారం ఉంది. కానీ "ఒళ్ళంతా పాకేసినట్టే" అన్న ముగింపుకు మాత్రం ఆధారం లేదు. ఎందుకంటారా?

కోటగుమ్మమా, సూచికా?

19వ శతాబ్దం చివర్లో అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అనే గొప్ప శస్త్రవైద్యుడు ఉండేవాడు. క్యాన్సర్ ఒక క్రమంలో, శత్రుసైన్యంలా ముందుకు సాగుతుందని ఆయన నమ్మకం. ముందు రొమ్ము, తర్వాత చంక, ఆ తర్వాతే మిగతా శరీరం. చంక కోటగుమ్మం లాంటిది. అది పడిపోకముందే చుట్టుపక్కల ఉన్నదంతా తీసేస్తే రోగి బతుకుతుంది! అందుకే ఆయన రొమ్ముతో పాటు ఛాతీ కండరాల్నీ, చంకలోని గ్రంథుల్నీ మొత్తంగా తొలగించేవాడు. దాదాపు ఎనభై ఏళ్ళపాటు ప్రపంచమంతా ఆ పద్ధతే నడిచింది.

పిట్స్‌బర్గ్‌కు చెందిన బెర్నార్డ్ ఫిషర్ దీన్ని శంకించాడు. వాదన పెట్టుకుని కూర్చోకుండా ప్రయోగం చేశాడు. 1971లో మొదలైన ఆ పరీక్ష ఎంత చక్కనిదో చూడండి. చేతితో తడిమితే చంకలో ఏమీ తగలని వెయ్యిమందికి పైగా స్త్రీలను మూడు జట్లుగా, లాటరీ పద్ధతిలో విభజించారు. ఒక జట్టుకు హాల్‌స్టెడ్ పద్ధతిలో అంతా తీసేశారు. రెండో జట్టుకు రొమ్ము మాత్రం తీసి, రేడియేషన్ ఇచ్చారు. మూడో జట్టుకు రొమ్ము ఒక్కటే తీసి, చంక జోలికి పోలేదు. తర్వాత ఎప్పుడైనా అక్కడ గడ్డ కనిపిస్తే అప్పుడు తీద్దామనుకున్నారు.

మొదటి జట్టులో తీసిన గ్రంథుల్ని పరీక్షిస్తే, సుమారు నూటికి నలభైమందిలో క్యాన్సర్ కణాలు దొరికాయి. జట్లను లాటరీ వేసి విడదీశారు గనుక మూడో జట్టులోనూ నూటికి నలభైమందికి అవి ఉండి ఉండాలి కదా! వాటినక్కడే వదిలేశారు. ఏమైంది? తర్వాతి కాలంలో చంకలో గడ్డ బయటపడినవారు నూటికి ఇరవైమంది కూడా లేరు. ఇక అసలు సంగతి. 25 ఏళ్ళు గమనించి 2002లో ప్రకటించిన ఫలితాల్లో, మూడు జట్లలోనూ బతికినవారి నిష్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

అంటే చంక కోటగుమ్మం కాదు. కణితి నుంచి కణాలు బయలుదేరాయని చెప్పే సూచిక అన్నమాట. జ్వరమానిలో పాదరసం పైకి పోతే జ్వరం ఉందని తెలుస్తుంది. ఆ మనిషి ఏమవుతాడో మాత్రం పాదరసం చెప్పదు. (ఫిషర్ చెప్పిందీ సంపూర్ణ సత్యం కాదు. ఒకటి నుంచి మూడు గ్రంథుల్లో క్యాన్సర్ ఉండి, రొమ్ము తీసేసినవారికి కూడా రేడియేషన్ ఇస్తే మరణాలు తగ్గుతాయని 2014లో వెలువడిన ఉమ్మడి విశ్లేషణలో తేలింది. కాబట్టి "చంకను పట్టించుకోనక్కర్లేదు" అని మాత్రం అర్థం చేసుకోకండి.)

బయలుదేరిన కణాలన్నీ గమ్యం చేరవు. లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే వైద్యుడు 1889లోనే రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు పరిశీలించి, క్యాన్సర్ కణాలు విత్తనాల వంటివనీ, అనువైన నేల దొరికితేనే మొలకెత్తుతాయనీ అన్నాడు. 1970లో ఐజయా ఫిడ్లర్ ఎలుకల రక్తంలోకి క్యాన్సర్ కణాల్ని ఎక్కించి లెక్కపెట్టాడు. ఒక్కరోజు గడిచేసరికి వాటిలో నూటికి ఒకటి మించి బతికి లేవు! రక్తప్రవాహపు ఒత్తిడి, రోగనిరోధక కణాలు, పరాయి కణజాలం, ఇన్నింటిని దాటుకోవాలి మరి. వెదజల్లిన ప్రతి గింజా పైరైతే రైతుకు ఇంత కష్టమెందుకు?

మిలాన్ నగరంలో 386 మంది

సూచిక అయితే మంచిదే, మరి దాన్ని చూసి మనం చేయగలిగింది ఏమైనా ఉందా? ఉంది. శస్త్రచికిత్స అయిన వెంటనే, ఎక్కడో నక్కి ఉన్న కణాల మీదికి మందు పంపడం.

ఈ ఆలోచనను గట్టిగా పరీక్షించింది ఇటలీలో. మిలాన్‌లోని జాతీయ క్యాన్సర్ సంస్థలో జియాన్ని బొనడొన్నా 1973 నుంచి 1975 వరకు 386 మంది స్త్రీలను చేర్చుకున్నాడు. అందరూ నోడ్ పాజిటివ్ రోగులే, అందరికీ శస్త్రచికిత్స జరిగింది. వారిలో 207 మందికి మూడు మందులు కలిపి ఇచ్చారు. 179 మందికి ఏ మందూ ఇవ్వలేదు. ఆ మూడు మందుల పేర్లు సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్.

మధ్యనున్న పేరు దగ్గర తెలుగువారు ఒక్క నిమిషం ఆగాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతిగా ఉండగా, ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. కణం విభజన చెందాలంటే డి.ఎన్.ఎ. కావాలి, దాని తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. అచ్చం దానిలాగే కనిపిస్తూ, దాని పని జరగనివ్వని నకిలీ అణువుల్ని ఆ బృందమే తయారుచేసింది. తాళంచెవిలాగే ఉంటుంది, తాళంలో దూరుతుంది, తిరగదు. అసలు తాళంచెవికి చోటూ లేకుండా చేస్తుంది! వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడి చూశాడు. మరొకటి మెథోట్రెక్సేట్. రొమ్ము క్యాన్సర్ మీద కూడా అది పనిచేయగలదని 1951లో జేన్ రైట్ బృందం చూపింది. సుబ్బారావు ఆ మాట వినడానికి లేడు, 1948లోనే కన్నుమూశాడు.

మిలాన్ రోగుల ఇరవై ఏళ్ళ లెక్క 1995లో వెలువడింది. మందులు తీసుకున్నవారిలో సుమారు మూడో వంతు, తీసుకోనివారిలో సుమారు నాలుగో వంతు బతికి ఉన్నారు. "ఇంతేనా!" అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదటిసారి చదివినప్పుడు అలాగే అనిపించింది. రెండోసారి చదివినప్పుడు నాకు మందులిచ్చిన జట్టు కంటే ఇవ్వని జట్టే ఆశ్చర్యంగా తోచింది. చంకలోకి పాకాక కూడా, కేవలం కత్తితోనే వదిలేసిన స్త్రీలలో నలుగురికి ఒకరు ఇరవై ఏళ్ళు దాటారు. గ్రంథిలో క్యాన్సర్ కనిపించడం మరణశాసనమే అయితే ఇది జరగడానికి వీల్లేదు. పైగా ఈ లెక్కలో గుండెజబ్బుతోనో, వృద్ధాప్యంతోనో పోయినవారూ మరణాల్లోనే కలిసి ఉన్నారు.

"ఇంకెన్నాళ్ళు?" అన్న ప్రశ్న దగ్గరికి ఇప్పుడు వద్దాం. స్టీఫెన్ జే గౌల్డ్ అనే జీవపరిణామ శాస్త్రవేత్తకు 1982లో మరో రకం క్యాన్సర్, అరుదైన మీసోథీలియోమా, వచ్చింది. గ్రంథాలయంలో వెతికితే, రోగుల ఆయుర్దాయపు మధ్యగతం ఎనిమిది నెలలని తేలింది. మధ్యగతం అంటే మీకు తెలుసు: విలువల్ని వరసలో పెడితే సరిగ్గా నడిమిది. సగంమంది ఎనిమిది నెలల లోపు పోతారు, నిజమే. మరి మిగతా సగం? వారి లెక్క ఎడమవైపు సున్నా దగ్గర ఆగిపోయినట్టు కుడివైపు ఎక్కడా ఆగదు. గ్రాఫ్‌కు పొడవాటి తోక ఉంటుంది. తన వయసు, జబ్బు దశ, దొరికే చికిత్స చూసుకుని, తాను ఆ తోకలో ఉండే అవకాశం ఉందని గౌల్డ్ లెక్కకట్టాడు. 1985లో దీనిమీద వ్యాసం రాశాడు. ఆయన చనిపోయింది 2002లో, అదీ వేరే క్యాన్సర్‌తో.

అన్ని కణితులూ ఒకటి కాదు

రిపోర్టులో "3/16" కింద ఇంకా కొన్ని మాటలుంటాయి. చాలామంది వాటిదాకా చదవరు. ఈస్ట్రోజెన్ గ్రాహకాలు ఉన్నాయా? హెర్-2 అనే ప్రోటీన్ అధికంగా ఉందా? నేటి చికిత్స సగం ఈ జవాబుల మీదే ఆధారపడి ఉంటుంది.

ఈస్ట్రోజెన్ గ్రాహకాలు ఉన్న కణితికి టమాక్సిఫెన్ వంటి మాత్రలున్నాయి. అయిదేళ్ళు వాడితే, మొదటి పదిహేనేళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గుతాయని 2011లో ఉమ్మడి విశ్లేషణ తేల్చింది. హెర్-2 అధికంగా ఉండే రకాన్ని ఒకప్పుడు మొండి రకమనేవారు. దానికి ట్రాస్టుజుమాబ్ అనే ప్రతిరక్షకం వచ్చింది. రెండు అమెరికన్ పరీక్షల్లో, అత్యధికులు నోడ్ పాజిటివ్ రోగులే, పదేళ్ళ తర్వాత బతికి ఉన్నవారు కీమోథెరపీ మాత్రమే అయితే నూటికి 75, ట్రాస్టుజుమాబ్ కూడా ఇస్తే 84. మన దేశంలో తయారైన దీని సమరూప ఔషధానికి 2013లో అనుమతి లభించింది. ధర ఇంకా అందరికీ అందేది కాదనుకోండి, అది వేరే వ్యాసం.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. "అయిదేళ్ళు దాటితే గండం గడిచినట్టే" అని మనవాళ్ళు అంటుంటారు. ఈస్ట్రోజెన్ గ్రాహకాలున్న రకానికి ఆ మాట సరిపోదు. దాదాపు 63 వేలమంది స్త్రీల లెక్క 2017లో వచ్చింది. అందరూ అయిదేళ్ళు మాత్రలు వాడి, అప్పటికి జబ్బు లేకుండా ఉన్నవారే. రెండు నుంచి అయిదు సెంటీమీటర్ల కణితి ఉన్నవారిలో, తర్వాతి పదిహేనేళ్ళలో జబ్బు దూరపు అవయవాల్లో తిరగబెట్టే ప్రమాదం ఇలా ఉంది: గ్రంథుల్లో లేనివారికి నూటికి 19, ఒకటి నుంచి మూడింట ఉన్నవారికి 26, నాలుగు నుంచి తొమ్మిదింట ఉన్నవారికి 41. అందుకే కొందరికి మాత్రలు అయిదేళ్ళతో ఆపకుండా ఇంకా కొనసాగిస్తున్నారు. ఇదే అంకెను రెండోవైపు నుంచి చూడండి. మూడు గ్రంథుల్లో క్యాన్సర్ ఉండి అయిదేళ్ళు దాటిన నూరుమందిలో డెబ్బైకి పైగా స్త్రీలకు ఇరవయ్యో ఏడు దాకా అది ఆ రూపంలో తిరిగి రాదు. ఇంకోటి, ఇరవై ఏళ్ళ ఫలితం రావాలంటే ఇరవై ఏళ్ళు ఆగాలి. కనుక మన చేతిలో ఉన్న ప్రతి దీర్ఘకాలిక అంకె పాత చికిత్సలదే. రాత్రి ఆకాశంలో మీరు చూసే నక్షత్రకాంతి ఎప్పుడో బయలుదేరినది కాదూ, అలాగే.

చికిత్స పెరగడమే కాదు, అనవసరమైన చోట తగ్గుతోంది కూడా. చంకలో మొట్టమొదట శోషరసం చేరే ఒకటి రెండు గ్రంథుల్ని రంగుతోనో రేడియోధార్మిక పదార్థంతోనో గుర్తించి తీస్తే చాలునేమోనని అమెరికాలో 891 మందితో పరీక్షించారు. రొమ్మును కాపాడే ఆపరేషన్, రేడియేషన్ జరిగి, ఆ తొలి గ్రంథుల్లో ఒకటి రెండింట క్యాన్సర్ ఉన్నవారు వీరు. పదేళ్ళకు, మిగతా గ్రంథుల్ని తీసినవారిలో నూటికి సుమారు 84 మంది, వదిలేసినవారిలో 86 మంది బతికి ఉన్నారు. వీరంతా నోడ్ పాజిటివ్ వారేనని మరిచిపోకండి. 1970ల మిలాన్‌కూ దీనికీ ఎంత దూరమో చూశారా! జబ్బు తొందరగా పట్టుబడిన స్త్రీలు కనుక పోలిక సరిసమానం కాదు, అయినా సరే.

గ్రంథులన్నీ తీసినవారికి ఆ వైపు చేయి వాయవచ్చు, శోషరసం వెళ్ళే దారి తగ్గింది గనుక. వాపు, బరువు కనిపించగానే చూపించుకోవాలి. తెగిన చోట, కాలిన చోట చీము పట్టనివ్వకూడదు. వైద్యులు చూపిన చేతి వ్యాయామాలు మానకూడదు. ఇరవై ఏళ్ళు బతకబోయే మనిషికి ఇవన్నీ ముఖ్యమే.

మొన్న ఆ అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళమ్మ రిపోర్టు పూర్తిగా చదివిందట. ఈస్ట్రోజెన్ గ్రాహకాలు ఉన్నాయి, హెర్-2 లేదు. కీమోథెరపీ అయిపోయింది, మాత్రలు మొదలుపెట్టారు. "అమ్మ రోజూ వేసుకోవడం మరిచిపోతోంది సార్, వంటింట్లో కాలెండరు మీద టిక్కు పెట్టిస్తున్నాను" అంది. అయిదేళ్ళంటే 1826 టిక్కులు. ఇంకా 41 అయ్యాయట.