ఉప్పాడ: కడలి అంచున నిలిచిన ఊరు

గ్రీసులోని మిలోస్ దీవిలో క్లిమా అనే జాలరి పల్లె ఉంది. నీటిని ఆనుకునే ఇళ్లు. కింద పడవకు చోటు, మేడ మీద మనుషుల కాపురం. ఆ రంగురంగుల తలుపుల ఫొటోలు చూసి మనసు పారేసుకునే హైటెక్ సిటీ ఉద్యోగులకు ఒక మాట: కడలి అంచున జాలరి పల్లె మనకూ ఉంది. బోరబండలో ఎంఎంటీఎస్ ఎక్కి లింగంపల్లి వెళ్లండి. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున కాకినాడ. అక్కడి నుంచి తీరం వెంట సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉప్పాడ.

వేట బోట్లు ఒడ్డుకొచ్చే ఉదయం వేళ చూడాలి ఈ ఊరిని. మగవాళ్లు బోటును ఇసుక మీదికి లాగుతుంటే ఆడవాళ్లు గంపలతో సిద్ధంగా ఉంటారు. వంజరం, చందువా, కానాగంతలు, మెత్తళ్లు. ఏది పడితే దానికి అక్కడికక్కడే బేరం. ఎండెక్కేసరికి రేవు ఖాళీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం. అప్పుడు వలలు బాగుచేసుకుంటారు.

ఊళ్లోకి నడిస్తే మగ్గం చప్పుడు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జాందానీ ఇక్కడిదే. ఇద్దరు నేతగాళ్లు పక్కపక్కన కూర్చుని ఒక్కో బుటా దారాన్నీ చేత్తో ఎక్కిస్తారు. అందుకే చీర రెండు వైపులా బుటా ఒకేలా కనిపిస్తుంది.

ఇంత పనితనమున్న ఊరిని సముద్రం ఏటేటా కోసుకుపోతోంది. గోదావరి మేట వేసిన హోప్ ఐలాండ్ కాకినాడ రేవుకు అలల నుంచి కాపు. అయితే ఆ దీవి, రేవు గోడలు తీరం వెంట ఉత్తరానికి కదిలే ఇసుకను అడ్డుకోవడంతో ఉప్పాడ ఒడ్డు కరిగిపోతోందని నిపుణులు చెబుతారు. ఇళ్లు, గుళ్లు నీటిపాలయ్యాయి. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత జనం తీరంలో బంగారు రేణువుల కోసం ఇసుక జల్లెడ పట్టారు. అవి మునిగిన ఇళ్లు, గుళ్ల నుంచి కొట్టుకొచ్చినవని ఊరివాళ్ల నమ్మకం. ఇసుక నింపిన జియోట్యూబులతో కట్టిన రక్షణ గోడనూ అలలు దెబ్బతీశాయి.

కాబట్టి ఉప్పాడ వెళ్తే బీచ్ రోడ్డు మీద ఫొటో దిగి వెనుదిరగొద్దు. చేప రేవులోనే కొనండి, చీర మగ్గం దగ్గరే కొనండి. బోటు లాగేవాళ్లకు అడ్డు రాకుండా నిలబడండి. తుపాను కోసిన రోడ్డును మళ్లీ వేస్తారు. ఆ రోడ్డు పక్కన గోడ కూలిన ఇంటికీ అంతే శ్రద్ధ దక్కాలి. ఊరు నిలిచేలా శాశ్వత రక్షణ కట్టడం ఉప్పాడ ప్రజల హక్కు. దాన్ని వాళ్లతో కలిసి మనమూ గట్టిగా అడగాలి.