నాగార్జునకొండ ద్వీపము

ద్వీపములను సాధారణముగ సముద్రమో నదియో సృజించును. పలనాటిసీమలోని నాగార్జునకొండ యట్టిది కాదు. ఇరువదవ శతాబ్దము నడుమ వరకు నది కేవల మొక కొండయే. మూడు వైపుల నల్లమల గుట్టలును నాల్గవ వైపున కృష్ణానదియు గల విశాలమైన లోయలో నది నిలిచియుండెను. ఆ లోయలో నూళ్లుండెను, పొలములుండెను. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు విడిచిరి. లోయ జలాశయ గర్భమున మునిగిపోగా, కొండ శిరస్సు మాత్రము నీటిపై మిగిలి ద్వీపమైనది.

విజయపురి దక్షిణపు రేవున లాంచి యెక్కినవారు కొంతసేపటికి ద్వీపము చేరుదురు. దారిలో నెటు చూచినను నీరే. ఆ నీటి యడుగున సుమారు 1700 ఏండ్ల క్రిందటి యొక రాజధాని యున్నదని తెలిసి ప్రయాణము చేయుట వేరు, తెలియక చేయుట వేరు. కావున ముందుగ దాని కథ యెరిగి పోవుట మంచిది.

శాతవాహనులు క్షీణించిన పిమ్మట, క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, ఇక్ష్వాకు రాజులు ఈ లోయలో విజయపురి యను నగరమునుండి యేలిరి. వారిలో మొదటివాడైన వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదికమతాభిమాని. ఆయన సోదరి చాంతిసిరియో, మేనల్లుడు వీరపురుషదత్తుని యేలుబడిలో ఇచటి మహాచైత్యమునకు స్తంభములు నిలిపిన బౌద్ధోపాసిక. ఒకే రాజగృహమున నీ రెండు మార్గములును పొసగియుండుట నాకెంతయు వింతగ తోచును. బోధిసిరి యను మరియొక యుపాసిక వేయించిన శాసనములో కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము, తామ్రపర్ణి మున్నగు దేశముల పేరులున్నవి. సింహళ భిక్షువులకు ప్రత్యేకముగ నొక విహారమే యుండెను. ఈనాడు పడవలో తప్ప పోరాని యీ చోటికి ఆనాడు దూరదేశములనుండి భిక్షువులు వచ్చుచుండిరి.

ఇక కొండపేరునకు కారణమైన ఆచార్య నాగార్జునుని గూర్చిన గాథలు. ఏడవ శతాబ్దమున భారతదేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు రెండు కథలు వ్రాసెను. రాజు కొండలో విహారము తొలిపించుచుండగా ధనము చాలకపోయెనట. ఆచార్యుడు రాళ్లపై నొక యౌషధము చల్లగా నవి బంగారమైనవట. ఆచార్యుని రసాయనముచేతనే రాజు దీర్ఘాయువై యుండెనని తలచి, సింహాసనమునకై వేచి విసిగిన రాకుమారుడు ఆచార్యుని శిరస్సునే దానమడిగెననియు, ఆయన యొక యెండుగడ్డిపోచతో తన కంఠమును కోసికొనెననియు రెండవ కథ. ఆచార్యుడు తుదికాలమున శ్రీపర్వతమున నుండెనని టిబెట్టువారి సంప్రదాయము. ఇచటి శాసనములలో శ్రీపర్వతము పేరు గలదు గాని, ఆయన యిచట నివసించెననుటకు ఆయన కాలపు శాసన మాధారము లేదు. కథను కథగ వినుటలో దోషము లేదు; దానిని చరిత్రగ నప్పగింపరాదు.

ఈ చోటు లోకమునకు తెలియుట కొక బడిపంతులు కారకుడు. సూరపరాజు వెంకటరామయ్యగారు ఇచటి ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలియజేసిరి. 1926లో శాసనశాఖవారు వచ్చి పరిశీలించిరి. పిమ్మట లాంగ్‌హర్స్టు దొర 1927 మొదలు 1931 వరకు త్రవ్వించెను. మహాచైత్యములో వెండి భరిణెయు, దానిలో బంగారు భరిణెయు, అందులో నొక చిన్న యెముక తునుకయు దొరకినవి. ఆ ధాతువు తరువాత సారనాథమునకు చేరెను.

ఆనకట్ట నిశ్చయమైన పిదప 1954 మొదలు 1960 వరకు సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యవమున లోయనంతయు త్రవ్వి శోధించిరి. కొన్ని కట్టడములను ఇటుకయిటుకగ నెత్తి కొండపైనను, అనుపు అను చోటను తిరిగి నిలిపిరి. శిల్పములకు ద్వీపముపైన విహారాకారమున ప్రదర్శనశాల కట్టిరి. లోయలోని గ్రామస్థులును తమ యిండ్లు విడిచి వేరుచోట్లకు పోయిరి. ఆ యిండ్లను మాత్ర మెవరును ఎత్తి నిలుపలేదు. ఆ నీటితో నెన్నో లక్షల యెకరములు పండుచున్నవన్నది నిజమే; ఈ మాటయు నిజమే.

ద్వీపముపై తప్పక చూడవలసినది స్నానఘట్టము. ఒకప్పుడు కృష్ణయొడ్డున నుండిన యా రాతిమెట్లను కొండపైకి తెచ్చి పేర్చిరి. వరుస చెడలేదు. మెట్లు క్రిందికి దిగును. దిగినచోట గడ్డి మాత్రమే యుండును. నది యా గడ్డికి చాల దిగువను, చెట్లసందులలో తళతళలాడుచు కనబడును.